ఇత్తడి అడుగు

(పన్నెండో వారం)

సుధ వెతుక్కుంటూ వచ్చిన టిఫిన్ డబ్బా ఖాళీగా ఉంది. అందులో ఉండాల్సిన ఇత్తడి బిళ్ళ, భుయ్యాడీహ్ ఘాట్ మెట్ల మీద కూర్చున్న ఒక ముసలావిడ ఒడిలో ఉంది. పోయిన వారం వాళ్ళిద్దరినీ మనం అక్కడే వదిలి వచ్చాం.

ఆ బిళ్ళ సంగతి ఇప్పుడే వింటున్నవారి కోసం నాలుగు మాటలు. సుధకి ఇరవై ఎనిమిదేళ్ళు. టాటానగర్‌లో, సాక్చిలోని ఒక సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తుంది. భాలుబాసాలో తండ్రి పోలరాజుతో ఉంటుంది. తల్లి సింహాచలమ్మ తొమ్మిదేళ్ళ కిందట సువర్ణరేఖ వరదలో కొట్టుకుపోయింది. శవం దొరకలేదు, గట్టు మీద చెప్పులు మాత్రం దొరికాయి. రెండేళ్ళ కిందట సుధ ఆఫీసువాళ్ళతో కలిసి సిమ్లిపాల్ నేషనల్ పార్కు చూడ్డానికి వెళ్ళింది. అక్కడ వాగు ఒడ్డున బురదలో పులి అడుగు కనిపిస్తే గైడు దాని మీద ప్లాస్టర్ పోసి, ఆరాక ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. ఫౌండ్రీలో ఇసక అచ్చులు కట్టే మౌల్డర్‌గా పనిచేసి రిటైరైన పోలరాజు, ఆ ప్లాస్టర్ అచ్చులో ఒక మూలని ఇత్తడిలో పోసి అరచేతిలో పట్టేంత బిళ్ళ చేసిచ్చాడు. సుధ దానికి నంబరున్న ట్యాగ్ తగిలించి జియోక్యాచింగ్ ఆటలోకి వదిలింది. ఆ ఆట ఆడేవాళ్ళు ఎక్కడెక్కడో చిన్న డబ్బాలు దాచి, వాటి జాడ ఇంటర్నెట్‌లో పెడతారు. ఒకరు దాచింది ఇంకొకరు వెతుకుతారు. ట్యాగ్ ఉన్న వస్తువు దొరికితే దాన్ని మరో ఊరి డబ్బాలోకి చేర్చి, ఆ సంగతి దాని పేజీలో రాస్తారు. అలా ఆ బిళ్ళ ఒక్కో పులుల అడవీ దాటుతూ బేత్లా చూసింది, కాన్హా చూసింది, బందీపూర్ దాకా వెళ్ళింది. చివరికి భువనేశ్వర్ నుంచి వచ్చిన ఎవరో దాన్ని ఈ ఘాట్ దగ్గర డబ్బాలో పెట్టి వెళ్ళారు.

"ఈ కాలు నీకెక్కడ దొరికినాది?" అని అడిగింది ముసలావిడ.

"కాలు కాదు మౌసీ," అంది సుధ. "పులి పంజా. అడవిలో తీసిన అచ్చు. అది నాదే, ఇలా ఇవ్వండి."

"పులిది పులికే ఉన్నాది. దాని పక్కనున్నదాని గురించి అడుగుతన్నాను."

సెప్టెంబరు ఎండ నది మీద తెల్లగా పడుతోంది. మధ్యాహ్నం ఒక జల్లు కొట్టి పోయింది. మెట్ల పైన గట్టు దారి ఇంకా తడి తడిగా ఉంది. దిగువన ఎవరో విశ్వకర్మ పూజ పందిరికి తెచ్చిన వెదుళ్ళు కడుగుతున్నారు. ముసలావిడ బిళ్ళను ఎండ వైపు తిప్పి, నల్లగా పగిలిన చూపుడువేలు దాని మీద ఆనించింది.

పులి వేలి గుండ్రటి ఉబ్బుకి ఆనుకుని నాలుగు చిన్న బొడిపెలు ఉన్నాయి. అవేమిటో సుధకి తెలుసు. వాగు మీదికి వంగిన చెట్టు నుంచి కాయలు రాలి, బురదలో గుంటలు పడ్డాయని గైడు చెప్పాడు. అందరూ అదే నమ్మారు. బిళ్ళ పేజీలో నాగపూర్ నుంచి ఒకాయన, 'పులి తినకుండా వదిలేసిన నాలుగు కాయలు' అని సరదాగా రాశాడు కూడా.

సుధ అదే చెప్పింది.

"కాయలు వరసలో రాలతాయేటి?" అంది ముసలావిడ. "పెద్దది ఒకటి రాలి, దాని పక్కన సోటు ఒగ్గేసి, మిగతా మూడూ సిన్నా సిన్నాగా దిగి వత్తాయేటి? ఇది బొటనేలు. ఇది మద్దేలు. ఇది ఉంగరపేలు, ఇది సిటికినేలు. బొటనేలు పక్కన ఉండాల్సింది నేదు. ఎడం కాలు."

సుధ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"పెద్ద ఇనప దిమ్మ పడి నలిగిపోనాది ఆ ఏలు," ముసలావిడ తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పుకుపోయింది. "నానే గుడ్డ సుట్టినాను. ఆస్పత్రిల తీసేసినారు. మెట్టె ఎట్టుకోడానికి ఏలు నేదని ఏడిసినాది గానీ, నొప్పికి ఏడవనేదు. 'పక్కేలుకి ఎట్టుకోయే, దేవుడేటీ అనడు' అన్నాను. ఎట్టుకున్నాది. ఇదిగో, నీ కళ్ళు మంచివి కదా, సూడు."

మధ్యవేలు బొడిపె మొదట్లో, దారప్పోగంత సన్నగా, పైకి లేచిన గీత ఒకటి అడ్డంగా ఉంది. రెండేళ్ళలో ఆ బిళ్ళని సుధ ఎన్నోసార్లు ఫొటోలు తీసింది. ఆ గీత కనిపించిన గుర్తు లేదు.

ఆమె చెయ్యి చాచింది. ముసలావిడ ఇచ్చింది. ఇత్తడి వెచ్చగా ఉంది, ఎండకో, ఒడిలో ఉన్నందుకో. సుధ తన చూపుడువేలు బొటనవేలు బొడిపె మీద పెట్టి మెల్లగా పక్కకి జరిపింది. వేలు జారి ఖాళీలో పడింది.

ఆ జారడం ఆమెకి తెలుసు. చిన్నప్పుడు ప్రతి శుక్రవారం తల్లి కాళ్ళకి పసుపు రాసేది సుధే. కుడి కాలు త్వరగా అయిపోయేది. ఎడమ కాలి దగ్గర వేలు ఇలాగే ఆ ఖాళీలోకి జారేది, తల్లి చక్కిలిగిలి పుట్టి కాలు వెనక్కి లాక్కునేది. పందొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆ వేలికి ఆ అలవాటు ఉంది.

సుధ మెట్టు మీద కూలబడింది.

"ఎవులి గుంటవే నువ్వు?" అని అడిగింది ముసలావిడ, మొదటిసారి ఆమె ముఖంలోకి చూస్తూ.

"పోలరాజు గారి అమ్మాయిని. భాలుబాసా."

ముసలావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మా! సింహాచలం గుంటవా? నాను అసిరమ్మనే. మీ యమ్మా నానూ స్క్రాప్ యార్డుల ఒకే గేంగుల తట్టలు మోసినాం. నువ్వు ఇంతున్నప్పుడు మా ఇంటికొచ్చి నాను ఏపిన పాలకాయలు తినేదానివి." చెయ్యి చాచి సుధ తల నిమరబోయి, మధ్యలోనే ఆపేసింది. "ఈ అచ్చు ఎప్పుడు తీసినారు?"

"రెండేళ్ళ కిందట."

"నాను మీ యమ్మ దినం బోజనం తిని తొమ్మిదేళ్ళయినాది," అంది అసిరమ్మ.

దిగువన వెదుళ్ళు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపిస్తోంది. పుల్లలు ఏరుకుంటూ ఉంటే రాయి కింద డబ్బా కనిపించిందనీ, తెరిచేసరికి ఈ కాలు ఉందనీ, ఎవరిదో తెలిసి కాళ్ళు ఆడక పొద్దుటి నుంచి ఇక్కడే కూర్చుండిపోయాననీ అసిరమ్మ చెప్పింది.

"ఒక మాట సెప్తాను, ఇంటావా అమ్మీ?" అంది చివరికి. "దీన్ని ఇంటికి తీస్కెల్లకు. ఇక్కడే నీటిల ఒగ్గేయ్."

"నదిలో వేయను పిన్నీ," అంది సుధ. తన నోటి నుంచి మౌసీ బదులు పిన్ని అని ఎప్పుడు వచ్చిందో ఆమెకి తెలియదు. "నాన్నకి చూపించాలి."

అసిరమ్మ తన మీటల ఫోను ఇచ్చి సుధ నంబరు వేయించుకుంది. సుధ బిళ్ళని చున్నీ కొంగులో చుట్టి గట్టెక్కింది. ఆటో ఎక్కలేదు. భాలుబాసా అక్కడికి దూరమేమీ కాదు. అయినా ఆ రోజు ఆ దారి తెగలేదు. రెండుసార్లు చెప్పు తడిమట్టిలో దిగబడితే ఆగి లాక్కుంది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది, చూడలేదు. ఎందుకు చూడలేదో అప్పుడు ఆలోచించలేదు.

నడుస్తున్నంతసేపూ ఆమె ఆలోచన ఒక్కదాని మీదే ఉంది. సెల్‌ఫోనులో ఆటలంటే గిట్టని తండ్రి, ఈ ఒక్క ఆటని మాత్రం ఎందుకు అంత ఇష్టంగా అడిగి తెలుసుకున్నాడు? బిళ్ళ పోస్తానని తనంతట తానే అన్నాడు. "బాగా దూరం పంపించమ్మా, కేరళ అంత దూరం," అన్నాడు. ప్రతి ఆదివారం టీ తాగుతూ, "ఇప్పుడెక్కడున్నాదది?" అని అడిగేవాడు. బందీపూర్ చేరిందని చెప్పిన రోజు లేచి వెళ్ళి మిఠాయి తెచ్చాడు. అది భువనేశ్వర్ వచ్చిందన్న రోజు అన్నం తినలేదు. అరగలేదేమో అనుకుంది సుధ.

పోలరాజు ముందుగదిలో నేల మీద న్యూస్‌పేపరు పరుచుకుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. కొలిమి సెగకి మాడిన ముంజేతుల మీద వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. సుధ తలుపు మూయకుండానే లోపలికి వచ్చి, కొంగు విప్పి, బిళ్ళని ఆ పేపరు మీద పెట్టింది.

తిరిగొచ్చేసిందా అని అడుగుతాడనుకుంది. ఆయన వెల్లుల్లి రెబ్బ చేతిలోనే పట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి జరిగాడు, గోడ తగిలేదాకా.

"ఎందుకు తెచ్చినావమ్మా ఇంట్లోకి?"

సుధకి అప్పుడే సగం అర్థమైంది.

"నాన్నా, ఇది ఎవరి కాలు?"

ఆయన చేతిలోని వెల్లుల్లి రెబ్బ ఒలవబోయాడు.

"సచ్ బోలో నాన్నా, నిజం చెప్పు. ఘాట్ దగ్గర అసిరమ్మ పిన్ని కనిపించింది. వేళ్ళు లెక్కపెట్టి చూపించింది. మెట్టె గీత చూపించింది. ముప్పై ఏళ్ళు అచ్చులు చేసినవాడివి, నీకు కనిపించలేదంటే నేను నమ్మను."

"నూనె రాత్తన్నప్పుడే తెలిసినాది," అన్నాడు పోలరాజు. "ఇసకల పెట్టక ముందు ప్లాస్టర్‌కి నూనె రాత్తాం కదా. కళ్ళతో సూడనేదు. సేతికి తెలిసినాది."

"తెలిసీ పులి పంజా అంతా వదిలేసి ఈ మూలే పోశావు."

"ఆవిడ్ని పంపించీడానికి." ఆయన వెల్లుల్లి రెబ్బ కింద పెట్టాడు. "ప్లాస్టర్ పగలగొడదామని సుత్తి తీసినానమ్మా. కాలు కదా, కొట్టలేకపోనాను. నదిల కలిపీసినాను. ఇది మాత్రం దూరం పంపించీమన్నాను. నువ్వే తెచ్చీసినావు."

సుధ ఆయన ఎదురుగా కూర్చుంది. అమ్మ పాదం, దాని పక్కన పులి పాదం, ఒకే బురదలో. ఆ బొమ్మ ఇప్పుడు కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

"అమ్మని... అది తరుముతోందా?"

పోలరాజు మొదటిసారి బిళ్ళ వైపు జరిగాడు. భయం ఉన్నా, పనివాడి చెయ్యి ఆగలేదు. గోటితో రెండు గుర్తులూ కలిసినచోట మెల్లగా గీశాడు.

"ఇక్కడ సూడు. తడి ఇసకల ఒక అచ్చు మీద ఇంకో అచ్చు పడితే, ముందు పడినదాని అంచు సెదురుద్ది. ఎనకాల పడినదాని అంచు నిలుత్తాది. పులి ఏలు అంచు ఇక్కడ నలిగినాది. మీ యమ్మ బొటనేలు అంచు సెక్కు సెదరనేదు."

"అంటే?"

"పులి ముందెల్లింది. మీ యమ్మ దాని అడుగుల అడుగేసింది."

బయట సైకిల్ రిక్షా ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది.

"ఎంత వెనక?"

"బురద అప్పటికింకా ఊరుతన్నాది. అంచులకి నీరు దిగినాది. ఎక్కువ సేపు కాదు." ఆయన గోరు తీసేశాడు. "పది అంగలు. అంతకన్నా ఉండదు."

సుధ బిళ్ళ మీదికి వంగింది. పరిగెత్తే మనిషి అడుగు కాదది. వేళ్ళు విచ్చుకోలేదు, మడమ జారలేదు. నిదానంగా, ముందు నడిచేవారిని నమ్మి నడిచే మనిషి అడుగు.

"వరదలో పోయిన మనిషి అడవిలో ఎలా నడిచింది నాన్నా?"

పోలరాజు వెల్లుల్లి పొట్టు ఒకచోటికి పోగుచేశాడు. మళ్ళీ చెదరగొట్టాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాక మధ్యలో ఆగలేదు.

వేలు పోయిన ఎన్నో ఏళ్ళకి, ఆ పాత గాయం తిరగబెట్టి సింహాచలమ్మకి నలభై రోజులు జ్వరం కాసింది. జ్వరం తగ్గాక వేకువనే లేచి నడవడం అలవాటైంది. ఎక్కడికే అంటే, "నా ముందర ఎవులో నడుత్తన్నారు, ఆల్ల అడుగు తడిగా ఉంటన్నాది, ఎండిపోకముందే ఎల్లాల" అనేది. మొదట్లో ఘాట్ దాకా వెళ్ళి తిరిగొచ్చేది. తర్వాత రెండు నదులు కలిసే దోముహానీ దాకా. వీధిలో నలుగురూ నవ్వడం మొదలుపెట్టారు. ఆ ఏడు సుధ రాంచీలో హాస్టల్లో ఉంది. చదువు పాడవుతుందని ఆమెకి చెప్పలేదు. పదకొండు రోజులు ఆయన భార్యని వెనకగదిలో పెట్టి గొళ్ళెం వేశాడు.

"వెనకగదిలోనా?" అంది సుధ. ఆమె పడుకునే గది అదే.

"పన్నెండో దినం గొళ్ళెం తీసినాను. ఏటీ అననేదు. మొకం కడుక్కున్నాది, బయల్దేరినాది. నాను ఎనకాలే ఎల్లినాను. టాటానగర్ టేసన్ దాకా నడిసినాది. సిమ్లిపాల్ అడివి దిక్కెల్లే బాదాంపహాడ్ పేసింజరు నిలబడున్నాది, ఎక్కి కిటికీ కాడ కూకున్నాది. నన్ను సూసినాది. రమ్మననేదు, పొమ్మననేదు."

"నువ్వు ఎక్కలేదా?"

"పొద్దుటి షిఫ్టు ఉన్నాదమ్మా," అన్నాడు పోలరాజు. "అప్పటికే లేటయిపోనాది. డ్యూటీకి ఎల్లిపోనాను."

తొమ్మిదేళ్ళుగా ఆ మాటని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాక కూడా అది చిన్నదిగానే ఉంది, షిఫ్టుకి లేటయింది, అంతే.

"సాయంత్రం ఇంటికొచ్చి సూసినాను, రానేదు. మూడు దినాలు సూసినాను. నదికి వరదొచ్చినాది. ఆవిడ సెప్పులు తీస్కెల్లి గట్టు మీద నానే పెట్టినాను. పెళ్ళాం ఏటైనాదంటే ఏటి సెప్పను? ఎవులి ఎనకాలో ఎల్లిపోనాదని సెప్పనా? నది తీస్కెల్లిపోనాదంటే ఎవులూ మల్లీ అడగరు."

సుధకి ఆ కర్మ రోజు గుర్తుంది. శవం లేదు కనక దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేశారు. దాన్ని చేసింది పోలరాజే. తల, చేతులు, నడుము, అన్నీ ఎంతో శ్రద్ధగా అల్లాడు. మోకాళ్ళ కింద ఆపేశాడు. పంతులుగారు అడిగితే వినిపించనట్టు ఊరుకున్నాడు. దుఃఖంలో మరిచిపోయాడనుకున్నారు అందరూ.

"బొమ్మకి పాదాలు ఎందుకు చేయలేదు?"

"సేత్తే ఇంటికొచ్చేత్తాదని బయమేసింది."

"బతికున్న మనిషికి దహనం చేశావు." ఆమె గొంతులో కోపం ఇప్పుడు పైకి వచ్చింది. "ప్రతి ఏడూ తద్దినం పెట్టించావు. నా చేత తిలోదకాలు విడిపించావు. మైఁ రోతీ రహీ నాన్నా, తొమ్మిదేళ్ళు ఏడ్చాను. సిమ్లిపాల్‌లో ఆ వాగు దగ్గర నిలబడి ఫొటో దిగాను. పది అంగల దూరంలో ఉందో ఏమో మా అమ్మ, నేను నవ్వుతూ ఫొటో దిగాను!"

"తిట్టమ్మా."

"తిట్టను. ఇప్పుడే బాదాంపహాడ్ బండికి టికెట్ కొంటాను. వెళ్ళి వెతుకుతాను. బతికే ఉందిగా!"

పోలరాజు తల అడ్డంగా ఊపాడు. "అదే నాకు తెల్దు," అన్నాడు.

"ఏం తెలియదు?"

"బతికున్నాదో నేదో." ఆయన వీధి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "మూడేళ్ళ కితం ఒకసారి వచ్చినాది. ఇక్కడికే."

సుధ గుమ్మం వైపు తిరిగింది.

"ఆషాడంల. మిట్టమద్దేనం. నువ్వు ఆఫీసుల ఉన్నావు. ఆ గుమ్మం బయట నిలబడినాది. లోపలికి రానేదు. ఎల్లినప్పుడు ఎలగున్నాదో అలగే ఉన్నాదమ్మా. ఒక్క ఎంటిక నెరవనేదు. అదే సీర. నాను ముసిలోన్నయిపోనాను, ఆవిడ అలగే ఉన్నాది. మంచినీళ్ళు ఇచ్చినాను. తాగనేదు, కాళ్ళ మీద పోసుకున్నాది."

"ఏమంది?"

"'పిల్లేది?' అన్నాది. నిన్నే అడిగినాది. ఇంకేటీ అడగనేదు. నిన్ను తీస్కెల్లిపోడానికే వచ్చినాదని నాకు అరదమైపోనాది." పోలరాజు న్యూస్‌పేపరు అంచు మడిచాడు. "సచ్చిపోనాది అన్నాను."

"ఎవరు?"

"నువ్వు. నీకు జొరమొచ్చి సచ్చిపోనావని సెప్పినాను."

తండ్రి అబద్ధం ఒక్కటే అనుకుంది సుధ ఇంతసేపూ. రెండు ఉన్నాయి. తల్లి చనిపోయిందని కూతురికి, కూతురు చనిపోయిందని తల్లికి. ఇద్దరి మధ్యా గోడ కట్టి, ఈ మనిషి వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

"ఏడ్చిందా?"

"నేదు." పోలరాజు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. "నవ్వినాది. 'సచ్చినోల్లు మా తోవంటే ఎల్తారు. నాను అందరినీ సూత్తాను. నా పిల్ల అటు రానేదు' అన్నాది. అనీసి గుమ్మం మీద సెయ్యేసి, 'నువ్వు పిలవకపోతే పోనీ. ముందు నా అడుగు ఇంటికొత్తాది. దాని ఎనకాల నానొత్తాను' అన్నాది. ఎల్లిపోనాది. ఏడాది తిరిగినాది. నువ్వు ఆ పార్కుకెల్లి, నవ్వుకుంటూ వచ్చి, సంచిలోంచి తీసి, ఆ అడుగు నా ఒళ్ళో పెట్టినావు."

పొద్దు వాలుతోంది. న్యూస్‌పేపరు మీద ఇత్తడి బిళ్ళ మసక వెలుతురులో మట్టి రంగుకి తిరిగింది. ఇప్పుడు దానిలో పులి కనిపించడం లేదు సుధకి. నాలుగు వేళ్ళే కనిపిస్తున్నాయి.

ఆమెకి భయం వేయలేదంటే అబద్ధం. కానీ ఆ భయం అడుగున ఇంకొకటి ఉంది, దానికి పేరు పెట్టడానికి సిగ్గేసింది. అమ్మ నన్ను అడిగింది. చుట్టం పక్కం ఎవరినీ కాదు, ఇల్లూ వాకిలీ కాదు, నన్ను అడిగింది.

ఫోను మోగింది. కొత్త నంబరు.

"అమ్మీ, అసిరమ్మని. ఇంటికి సేరినావా?" ఆవిడ రొప్పుతోంది, నడుస్తూ మాట్లాడుతున్నట్టుంది.

"చేరాను పిన్నీ."

"నీ ఎనకాల వచ్చినామె ఎవులే?"

"నా వెనక ఎవరూ రాలేదు."

"వచ్చినాది. నువ్వు గట్టెక్కినాక ఎక్కినాది. ఎక్కడి నుంచి వచ్చినాదో నాను సూడనేదు, మెట్ల మీద నాను తప్ప ఎవులూ నేరు. సెప్పుల్లేవు. నువ్వెక్కడ అడుగేత్తే అక్కడే ఏసుకుంటూ ఎల్లినాది. నువ్వాగితే ఆగినాది. కేకేసినాను, తిరగనేదు."

సుధ ఫోను చెవికి నొక్కుకుంది. "ముఖం చూశావా?"

"మొకం కానరానేదు. మనసాగక ఇప్పుడే గట్టు మీదికెల్లి సూసినాను. తడి మట్టిల నీ సెప్పుల గుర్తులు ఉన్నాయి. ఆటి మీద..." అసిరమ్మ నడక ఆపినట్టుంది. "ఆటి మీద ఎడం కాలి ఏళ్ళు నాలుగే పడినాయే అమ్మీ."

సుధ ఫోను దించింది. అవతలి మాటలు వినపడకపోయినా, పోలరాజుకి ఆమె ముఖం చూడగానే తెలిసిపోయింది. గోడ పట్టుకుని లేవబోయాడు. వీధి తలుపు ఒక రెక్క వేసి ఉంది, ఒక రెక్క తెరిచి ఉంది. వీధిలో అప్పటిదాకా వినిపిస్తున్న పిల్లల గోల ఆగిపోయింది.

"తలుపెయ్యమ్మా," అన్నాడు. "సుధా, నీ కాళ్ళట్టుకుంటాను, తలుపెయ్యి."

సుధ లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ తీసి, రెండో రెక్క కూడా తెరిచింది.